మెచ్చుకుంటే ఇచ్చేసే ఇల్లు

మస్తానమ్మ చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు ముందుగా తెచ్చింది మా చుట్టాలెవరూ కాదు, నిమ్మకాయలమ్మే పెంచలమ్మ. ఆమెది మా పుట్టిల్లున్న వాకాడే. గూడూరు మార్కెట్లో కాయలు కొనుక్కుని రైలెక్కి బిట్రగుంటకు వచ్చి, రైల్వే క్వార్టర్ల మధ్య గంప దించుకుని అమ్ముకుంటుంది. మా ఆయన రిటైరయ్యాక కూడా మేం ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాం కాబట్టి, వచ్చినప్పుడల్లా నా గడప దగ్గర కూర్చుని మంచినీళ్ళు తాగి మా ఊరి సంగతులు చెప్పి పోతుంది. ఆరోజు నేను కాయలు ఏరుకుంటుంటే, "అదేందమ్మా, మట్టికి నువ్వు రాలేదే? మీ చిన్నమ్మ పోయినాది గదా" అన్నది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎవురూ చెప్పలేదా? ఒకరు చెప్పుంటారని ఇంకొకరు అనుకోనుంటార్లే" అని తనే మావాళ్ళ తరఫున సర్దిచెప్పి, "మంచి సావే తల్లీ. ఎవురి చేతా చేయించుకోలా. తెల్లారి లేపితే లెయ్యలేదంతే" అన్నది. చావు కబురు వింటే మావాళ్ళు చదువుకోవాల్సిన మాట మనసులో చదువుకున్నాను. పెంచలమ్మ చెప్పింది నిజమే అయివుంటుంది. నాకు చెప్పకూడదని ఎవరూ అనుకుని ఉండరు. చిన్నమ్మ విషయంలో గుర్తుపెట్టుకోవడమనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, అంతే.

మాది పరుపులు కుట్టే ఇల్లు. ముందు పెద్ద వసారా, దాని వెనక దూదేకే గది, దాని వెనక మేం. పగలంతా మా నాయన, బాషా చిన్నాయన విల్లు పట్టుకుని దూదేకుతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. అది ఆగిందంటే సాయంత్రపు అసర్ నమాజు వేళయిందని, ఇంక చుట్టాలు రావచ్చని అర్థం. ఎగిరే దూది నూగు అణగడానికి వసారా ముందు ఇసకలో నీళ్ళు చల్లేవాళ్ళు. తడిసిన ఇసక వాసన, కొత్త గుడ్డలోని గంజి వాసన, బూరుగు దూదికుండే పచ్చి నూనె వాసన, వీటన్నిటి మీదుగా సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త పరుపు విప్పితే నాకు ఎవరో చుట్టాలొస్తున్నట్టే ఉంటుంది. మా ఇంట్లో కుర్చీలు లేవు. ఎవరొచ్చినా, కుట్టి సిద్ధంగా ఉన్న పరుపొకటి వసారాలో పరిచి మీద ఉతికిన దుప్పటి వేసేవాళ్ళు. మర్నాడు ఎవరి పెళ్ళికో పోవాల్సిన పరుపు మీద మా చుట్టాలు కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. కొన్నవాళ్ళకు ఆ సంగతి తెలిసినా ఏమీ అనేవాళ్ళు కాదు. వాళ్ళూ ఏదో ఒక సాయంత్రం వచ్చి ఇంకొకరి పరుపు మీద కూర్చోవాల్సినవాళ్ళే కదా. నిమ్మకాయ షర్బత్తులో సబ్జా గింజలు తేలుతుండేవి. బొరుగులు, వేయించిన వేరుశెనగలు ఒకే పళ్ళెంలో పెట్టేవాళ్ళు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వింటూ మేం పిల్లలం వెనకనుంచి వేరుశెనగలు మాత్రం ఏరుకు తినేవాళ్ళం. అంతకంటే సుఖం నేనింకెక్కడా ఎరగను.

ఆ సుఖానికంతా యజమాని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి. మా ఇంట్లో ఆడపిల్లల్ని బడికి పంపేవాళ్ళు కాదు. జేజి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇసకలో వేలితో దిద్దించి, తెలుగు అక్షరాలూ అరబ్బీ అక్షరాలూ రెండూ నేర్పింది. ఈరోజు నేను రాస్తున్న ప్రతి మాటా ఆమె పెట్టిన భిక్షే. నమాజు ఆమె నేర్పింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ అన్నం పంపినవాణ్ణి తలుచుకోవడం ఆమె నేర్పింది. దువా చేసి దేవుణ్ణి వేడుకునే ప్రతిసారీ ఆమెకు మంచిచోటు అడుగుతాను. ఇది ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇక ముందు చెప్పేది చదివి ఆమెను రాక్షసి అనుకునేవాళ్ళుంటారు. ఆమె రాక్షసి కాదు. అంత పెద్ద చెయ్యి ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మా గుమ్మంలోకి వచ్చి ఆకలన్నవాళ్ళు ఎవరూ ఆకలితో పోలేదు.

ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. మా ఇంట్లో ఉన్న దేన్నయినా వచ్చినవాళ్ళు నోరారా మెచ్చుకున్నారంటే, అది వాళ్ళకిచ్చెయ్యాల్సిందే. "కన్నుపడినాది. ఇంక మనింట్లో ఉంటే అదీ నిలవదు, మనకీ అచ్చిరాదు. తీసుకుపో తల్లీ" అనేది. కాదు కూడదన్నా వినేది కాదు. అట్లా కంచాలు పోయాయి, ఈతాకు బుట్టలు పోయాయి, మా అమ్మ కుట్టుకున్న అద్దాల దిండుగలేబులు పోయాయి. ఊళ్ళో మా జేజి పేరు చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు. జేజి ముందు ఎప్పుడూ ఒక వెండి తమలపాకుల పెట్టె ఉండేది. దాన్ని మెచ్చుకోని మనిషి లేరు. "ఇది మా అత్త చేతిది, దీనికి దిష్టి తగల్దు" అని నవ్వేది జేజి. వాళ్ళూ నవ్వేవాళ్ళు. అది ఆమె పోయేదాకా ఆమె మోకాలి పక్కనే ఉంది.

మస్తానమ్మ చిన్నమ్మ మా బాషా చిన్నాయన భార్య. తల్లీ తండ్రీ లేని పిల్ల. మేనమామ పెంచి, చేతనైనట్టు పెళ్ళి చేసి పంపాడు. కాపురానికొచ్చిన రోజు ఆమె చేతిలో తడిగుడ్డ చుట్టిన రోజాకొమ్మ ఒకటుందట. "పుట్టింటి నించి మా కోడలు కట్టెపుల్ల తెచ్చినాది సూడండి" అని జేజి పెళ్ళికొచ్చినవాళ్ళకు చూపించిందట. అది మా ఇంట్లో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్న మాట. మాది ఉప్పునేల. బావినీళ్ళు నోట పెడితే ఉప్పుకషాయం. నేలలో ఏదేసినా ఆకు అంచులు మాడిపోయేవి. చిన్నమ్మ స్వర్ణముఖి ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి నెత్తిన మోసుకొచ్చి, పగిలిన కడవల్లో, కిరసనాయిలు డబ్బాల్లో, అడుగుపోయిన బిందెల్లో నింపింది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు ఒక్క చుక్క పారబోయనిచ్చేది కాదు. చూస్తుండగా మా వసారా అంచంతా రోజాలు, కనకాంబరాలు, చేమంతులు, మరువం, రంగురంగుల క్రోటన్లు. షర్బత్తులోకి సబ్జా గింజలు కూడా ఆమె డబ్బాల్లోవే. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి చూసేవాళ్ళు. ఆగి చూస్తే ఏమవుతుందో మీకు తెలిసిపోయే ఉంటుంది.

ముందు పోయింది ఆ పుట్టింటి రోజానే. పోస్టుమాస్టరు గారి భార్య వచ్చి, మొదటిసారి పూసిన పువ్వు ముందు కూర్చుని, "అబ్బ, ఏం రంగండీ ఇది! కళ్ళు తిప్పుకోలేకపోతున్నా" అన్నది. జేజి వెంటనే, "మస్తానమ్మా, ఆ తొట్టి అమ్మగారింటిదాకా దించి రా" అన్నది. చిన్నమ్మ కదల్లేదు. "అత్తా, ఒక కొమ్మ కోసి ఇస్తా. వారింట్లో కూడా అంటుకుంటాది" అన్నది, చిన్నగా. జేజి గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. "మా ఇంట్లో ముక్కలు కోసి ఇచ్చే అలవాటు లేదమ్మే. మీ మామింట్లో ఉండాదేమో" అన్నది. అందరూ నవ్వారు. పోస్టుమాస్టరు గారి భార్య కూడా మొహమాటంగా నవ్వింది. చిన్నమ్మ ఆ తొట్టిని నడుముకు ఆనించుకుని, ఎండలో ఆమె వెనకే నడిచి, వాళ్ళ అరుగు మీద దించి వచ్చింది. వచ్చాక చేతులు కడుక్కుని టీ పెట్టింది.

ఆ తర్వాత ఒకటొకటిగా పోతూనే ఉన్నాయి. పెంచడం ఆమె వంతు, ఇవ్వడం జేజి వంతు, పొగడ్త మా ఇంటిది. అట్లా కొంతకాలం జరిగాక చిన్నమ్మ ఒక పని మొదలుపెట్టింది. వీధిలో చుట్టాల మాట వినపడగానే గబగబా వసారాలోకి పోయి, పువ్వులూ మొగ్గలూ దొరికినంత తుంచి కొంగులో వేసుకునేది. కొన్ని ఆకుల మీద మట్టి పూసేది. నేను వెంట తిరుగుతూ, "ఎందుకు చిన్నమ్మా?" అంటే, "పూసిందంటే పోతాది పాపా. మొక్కన్నా ఉండనీ" అన్నది. పూలు లేని మొక్కల్ని ఎవరూ మెచ్చుకోలేదు. కొన్నాళ్ళు ఏ తొట్టీ మా గుమ్మం దాటలేదు.

జేజికి తెలియకుండా ఉంటుందా? ఒక సాయంత్రం వసారా నిండా ఆడవాళ్ళున్నప్పుడు చిన్నమ్మ షర్బత్తు తెచ్చింది. గ్లాసులన్నీ ఇచ్చేదాకా ఆగి, జేజి, "మస్తానమ్మా, ఆ కొంగులో ఏంది మే?" అన్నది. "ఏం లేదత్తా." "లేకపోతే ఇప్పేదానికేం? ఇప్పు." చిన్నమ్మ పళ్ళెం కింద పెట్టి కొంగు విప్పింది. తుంచిన మొగ్గలు దుప్పటి మీద రాలాయి. "సూసినారా? మా చిన్నకోడలికి పువ్వుల మీద పగ. తన ఇంట్లో తనే దొంగతనం చేస్తాది" అన్నది జేజి. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. మా అమ్మ కూడా నవ్వింది. ఆమె పెద్దకోడలు. ఆ పూట వేలు తనవైపు తిరగలేదన్న నిమ్మళం ఆ నవ్వులో ఉంది. అప్పటినుంచి అదొక వేడుకైపోయింది. వచ్చినవాళ్ళే సరదాగా, "ఈపొద్దు కొంగులో ఏముండాది మస్తానమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆమె విప్పి చూపించేది. ఏమీ లేకపోతే నిరుత్సాహపడేవాళ్ళు.

పెళ్ళయిన కొన్నేళ్ళకు చిన్నమ్మకు కూతురు పుట్టింది. పేరు జరీనా. ఎంత అందమైన బిడ్డ! మా చుట్టాల్లో గూడూరు సఫియత్త ఉండేది. జేజి తమ్ముడి కూతురు. భర్తకు నిమ్మకాయల మండీ, మిద్దె ఇల్లు, ఇంటి ముందు కారు, అన్నీ ఉన్నాయి. పిల్లలు లేరు. పురుటి మంచం దగ్గరికి వచ్చి బిడ్డను చూసి, ఏదో అనబోయి, జేజి మొహం చూసి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం మంచం మీదున్న చిన్నమ్మ చూసింది. నలభై రోజుల స్నానం కాకముందే ఆమె బిడ్డ మొహానికి పొయ్యిమసి పూయడం మొదలుపెట్టింది.

దిష్టిచుక్క అందరూ పెడతారు. ఇది చుక్క కాదు. పిల్ల పెరిగేకొద్దీ బుగ్గలకు, నుదుటికి మసి. జుట్టు కాస్త ఒత్తుగా వచ్చేసరికి, పేలు పడ్డాయని గుండు. ఒంటి మీద మా అమ్మ పాత చీర చించి కుట్టిన, ఎక్కడికక్కడ జారిపోయే గౌను. ఎవరైనా వస్తున్నారంటే జరీనా దూదేకే గదిలోకి పోయి, బూరుగు దూది కుప్పల వెనక కూర్చోవాలి. అది ఆ పిల్లకు మాటలు రాకముందే నేర్చుకున్న పాఠం. పొరపాటున వసారాలోకి వచ్చి ఎవరివైపైనా చూసి నవ్విందంటే, చిన్నమ్మ ఎత్తుకున్నట్టే ఎత్తుకుని నడుము దగ్గర గిల్లేది. పిల్ల ఏడ్చేది. ఏడ్చే పిల్లను ఎవరు మెచ్చుకుంటారు? సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మాత్రం, వేడినీళ్ళతో మసి కడిగి, కనురెప్పల మీది నూగు ఒక్కొక్కటే తీసి, ఒళ్ళో వేసుకుని ఊపేది. అది చూసిందల్లా నేనొక్కదాన్నే. జరీనా అప్పటికి నిద్రలోకి జారిపోయేది.

ఒకసారి అడిగాను. "చిన్నమ్మా, పండక్కి కూడా మసేనా?" "బాగుండేదాన్ని ఈ ఇంట్లో ఉండనిస్తారా పాపా?" అన్నది. పండక్కని ఒక గులాబీరంగు గౌను కుట్టి, ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి ఉంచింది. తొడగలేదు.

వచ్చినవాళ్ళకు ఈ తల్లీకూతుళ్ళు కొత్త వేడుక. "ఈ పిల్లేంది, ఇట్టా ఉండాది?" అని అడిగేవాళ్ళు. "తల్లికే ఇష్టం లేదు. మనమేం చేస్తాం" అనేది జేజి, నిజంగానే బాధపడుతూ. ఆమె నమ్మే అంటుండేది. పువ్వుల్ని తుంచే మనిషి బిడ్డను ఎట్లా చూస్తుందని ఊరంతా నమ్మింది.

జరీనాకు ఐదో ఏట, రంజాను వెళ్ళిన మర్నాడు సఫియత్త వచ్చింది. చిన్నమ్మ ఇంటి వెనక పొయ్యి దగ్గర గారెలు కాలుస్తున్నది. మేమంతా కొత్తబట్టలు కట్టుకుని వసారాలో ఒకరి తర్వాత ఒకరు సలాం చేసి, "మాషా అల్లా, ఎంత బాగుండారు" అనిపించుకుంటున్నాం. అంత మెచ్చుకున్నా, మెచ్చితే ఇచ్చెయ్యాలన్న పద్ధతి మా విషయంలో ఎవరికీ గుర్తురాలేదు. మేం మరీ ముద్దొచ్చే పిల్లలం కాదులే. అప్పుడు లోపలి గుమ్మంలో జరీనా కనిపించింది. ఎప్పుడు తీసిందో పెట్టె, ఎట్లా కడుక్కుందో మొహం. గులాబీరంగు గౌను వెనక గుండీలు పెట్టుకోలేక ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో షర్బత్తు గ్లాసు ఒలక్కుండా తెచ్చి, సఫియత్త ముందు నిలబడి సలాం చేసింది. జేజి మాకు రోజూ నేర్పే దువా, గోడ అవతల దూది కుప్పల వెనక కూర్చుని విని నేర్చుకున్నట్టుంది, ఒక్క అక్షరం తప్పకుండా చదివింది. చదివి, అందరి మొహాలూ చూసింది. జీవితంలో మొదటిసారి ఎవరైనా ఏమైనా అంటారేమోనని.

సఫియత్త గ్లాసు అందుకోవడం కూడా మర్చిపోయింది. "అత్తా... ఎంత ముద్దుగా ఉండాది ఈ బిడ్డ! ఇట్టాంటిదొకటి ఇచ్చుంటే నేను అల్లాను ఇంకేమడుగుతా" అన్నది.

జేజి తమలపాకు తొడిమ తుంచుతున్నది. తల ఎత్తకుండా, ఒక చేమంతి డబ్బా గురించి చెప్పినట్టే, "నచ్చినాది గదా, తీసుకుపో" అన్నది.

అందరం నవ్వాం. సఫియత్త నవ్వలేదు. జేజి కాళ్ళ మీద పడి ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు జేజి కూడా ఆకు కింద పెట్టేసింది. నలుగురిలో అన్న మాట. నవ్వులాటకన్నానని తీసేసుకోవచ్చు. కానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్న ఇల్లు కాదు మాది. జేజి బాషా చిన్నాయన వైపు చూసింది. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. "నీ ఇష్టం అమ్మా" అన్నాడు, దారం చూస్తూనే.

గారెల పళ్ళెంతో చిన్నమ్మ వచ్చింది. కూతురి కడిగిన మొహం, ఆ గౌను, సఫియత్త చేతులు పిల్ల చుట్టూ ఉండడం చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. "నేనియ్యను" అన్నది.

"ఎందుకియ్యవు?" అన్నది జేజి నెమ్మదిగా. "దాన్ని నువ్వు బిడ్డ మాదిరి చూసింది ఏపొద్దు? మసి పూసినావు. గుండు కొట్టించినావు. దూదిలో పడేసినావు. నేను చెప్పేది కాదు, వీళ్ళందరినీ అడుగు." అందరూ తలలూపారు. అబద్ధమాడినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ కళ్ళారా చూసిందే చెప్పారు. ఒకామె, "నేను వచ్చినపొద్దు బిడ్డ నడుము మీద గోరు గుర్తులుండాయి" అని కూడా అన్నది.

చిన్నమ్మ మొహం అప్పుడు మారింది. కూతుర్ని కాపాడుకోవడానికి తను చేసిన ప్రతి పనీ ఇప్పుడు తనకు ఎదురు నిలబడి సాక్ష్యం చెబుతున్నది. "మీ కళ్ళ నించి దాచేదానికి చేసినానత్తా" అన్నది. "బాగుందంటే ఇచ్చేస్తారని చేసినా."

చెప్పగూడని మాట అదే. "ఏందీ?" అన్నది సఫియత్త, కళ్ళు తుడుచుకుంటూ. "నావి పాడుకళ్ళా? బిడ్డలు లేరని నన్ను అట్టా అంటుందా అత్తా?" ఇంటికొచ్చిన ఆడమనిషిని, అందులోనూ పిల్లలు లేనిదాన్ని, అంతమందిలో ఏడిపించిన పాపం కూడా చిన్నమ్మకే చుట్టుకుంది. వసారాలో ఇంక ఆమె వైపు ఒక్కరూ మిగల్లేదు.

జేజి న్యాయంగా ఉండాలనుకుంది. ఎప్పుడూ అట్లాగే అనుకునేది. జరీనాను దగ్గరికి పిలిచి, గౌను వెనక గుండీలు పెట్టి, "నువ్వే చెప్పు బంగారూ. అమ్మ కాడ ఉంటావా, అత్త కాడికి పోతావా?" అని అడిగింది. పిల్ల తల్లివైపు చూసింది. తల్లి చేతులవైపు చూసింది. అందరూ తనను చూస్తున్నారు. అందరూ నవ్వుమొహాలతో చూస్తున్నారు.

"అమ్మ గిల్లతాది" అన్నది. "అత్త కాడికి పోతా."

గారెలు చల్లారిపోకముందే కారు కదిలింది. పిల్ల మనసు కుదుటపడాలి కాబట్టి తల్లి కొన్నాళ్ళు అటు పోకూడదన్నారు. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ అవలేదు. చిన్నమ్మకు మళ్ళీ కానుపు లేదు. మొగ్గలు తుంచడం ఆమె మానేసింది. నీళ్ళు పోయడం మానలేదు. ఆ ఏడాది మా వసారా ఎన్నడూ పూయనట్టు పూసింది. వచ్చినవాళ్ళంతా ఆగి చూసేవాళ్ళు. "ఇప్పటికి బుద్ధొచ్చినాది" అని మెచ్చుకుంటూ జేజి తొట్లన్నీ పంచిపెట్టింది.

చిన్నమ్మ పేర ప్రార్థన జరిగే జియారతు రోజు వాకాడు పోయాను. విల్లు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. బజారులో ఫోం పరుపులు వచ్చాక మావాళ్ళు ఆ గదిని అద్దెకిచ్చారు. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు. మా తమ్ముడి కోడలు గోడకు వేలాడదీసిన మొక్కల్ని ఫోన్లో చూపించింది. ఫొటో పెడితే చుట్టాలంతా బాగుంది బాగుందని గుండె బొమ్మలు పంపారట. "ఎవరన్నా అడిగినారా ఇమ్మని?" అన్నాను. "అడిగితే మాత్రం నేనెందుకిస్తా అత్తా? నా మొక్కలు" అన్నది. మా కాలంలో ఇంత పిసినారి మాట ఆ వసారాలో పుట్టేది కాదు. ఆ వేరుశెనగల పళ్ళెం, ఆ కొత్త పరుపు మీది కబుర్లు, ఆ ఇచ్చే చెయ్యి, వాటికి నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే. అయినా ఆ అమ్మాయి మాట విని నా ప్రాణం లేచి వచ్చింది. నా మొక్కలు అనే మాట మస్తానమ్మ చిన్నమ్మ నోట అనిపించకుండా ఎంత గొప్పగా బతికాం మేం.

అన్నం వేళకు జరీనా వచ్చింది. సఫియత్త లేదిప్పుడు. మండీ జరీనాయే చూసుకుంటుందట. జుట్టు నెరిసింది. అందం ఎక్కడికీ పోలేదు. ఫాతిహా అయ్యేదాకా అందరితో పాటు చేతులు ఎత్తి కూర్చుని, అయిపోగానే చెప్పుల కోసం లేచింది. నేను వెంట వెళ్ళి, గుమ్మం బయట ఆపి, అంతా చెప్పాను. మసి ఎందుకు పూసిందో, గౌను ఎందుకు దాచిందో, సాయంత్రాలు కనురెప్పల మీది నూగు ఎట్లా తీసేదో. ఆమె అడ్డురాకుండా విన్నది.

"ఇప్పుడెందుకు చెప్తుండావక్కా?" అన్నది.

"ఆమె నిన్ను..."

"నమ్మలేదని కాదు. నమ్ముతాను, అదే కష్టం. నన్ను గిల్లిన మనిషి దగ్గర్నించి పోయినానని ఇన్నేళ్ళు బతికినా. ఆమె మంచిదైందనుకో, నేను ఆపొద్దు అన్న మాట ఏమవతాది? ఎక్కడ పెట్టుకోవాల దాన్ని?" ఆమె గొంతులో కోపం లేదు. మండీలో బేరం తెగ్గొట్టినట్టు మాట్లాడింది. "ఆమె చెడ్డదిగానే ఉండనీ నాకు. మా అమ్మ గూడూరులో పోయినాది. ఈమెను నేను తలుచుకోనక్కా. నువ్వూ మళ్ళా చెప్పొద్దు."

కారు పోయింది. ఆమెను తప్పు పట్టే హక్కు నాకు లేదు. తప్పు పట్టను కూడా. ఆమె చల్లగా ఉండాలని అడుగుతాను. కానీ మస్తానమ్మకు భర్త లేడు, తోబుట్టువులు లేరు, మా ఇంట్లో గుర్తుపెట్టుకునే అలవాటు లేదు, కన్నకూతురు తలుచుకోనని చెప్పి వెళ్ళింది. నా తర్వాత ఆ పేరు అనే నోరు లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా సరే, మీ ఇంట్లోవాళ్ళ కోసం దణ్ణం పెట్టుకునేటప్పుడు, చివర్లోనైనా ఒక్కసారి మస్తానమ్మ అనే మనిషిని తలుచుకోండి. జరీనావాళ్ళ అమ్మ అని తలుచుకోండి.